పది నెలలు కండక్టర్, రెండు నెలలు కంపోజర్: గుస్తావ్ మాలర్ ఉద్యోగం, సంగీతం

మీ ప్రశ్నను ముందు కుదించి రాస్తాను, మధ్యలో చదివేవాళ్ళకూ అర్థం కావాలి కదా. 2025 మార్చిలో లండన్‌లో ఇళయరాజా గారి సింఫనీ (పెద్ద ఆర్కెస్ట్రా కోసం కొన్ని భాగాలుగా రాసే సంగీతం) జరిగాక మీరు వెస్టర్న్ క్లాసికల్ వినడం మొదలుపెట్టారు. మాలర్ పేరు పదే పదే తగిలింది. ఒకచోట తన కాలంలో అంత పెద్ద కండక్టర్ (ఆర్కెస్ట్రా ముందు నిలబడి వాయింపును నడిపించేవాడు) లేడని రాశారు, ఇంకోచోట సింఫనీల కంపోజర్, అంటే వాటిని రాసినవాడు, అన్నారు. అసలు ఆయన వృత్తి ఏది, ఒకే మనిషి రెండూ ఎలా చేశాడు, బతికున్నన్నాళ్ళూ ఆయన సంగీతాన్ని ఎవరూ పట్టించుకోలేదన్నది నిజమేనా, దేనితో వినడం మొదలుపెట్టాలి, నొటేషన్ (స్వరాలు రాసే లిపి) రాకపోతే ఇబ్బందా. ఇవీ మీ సందేహాలు.

సూటిగా చెప్తాను. మాలర్ జీతం తీసుకున్నది కండక్టర్‌గా, అదీ ఎక్కువ భాగం ఒపెరా హౌస్‌లలో (ఒపెరా అంటే ఆర్కెస్ట్రాతో పాడుతూ ఆడే నాటకం). సింఫనీలు రాసుకున్నది వేసవి సెలవుల్లో. జీవితమంతా ఒపెరాలు నడిపిన మనిషి తన సొంత ఒపెరా ఒక్కటీ మిగల్చలేదు. ఉద్యోగం వల్ల పాపం రాసుకోవడానికి తీరిక దొరకలేదని చాలామంది జాలిపడతారు. ఆర్కెస్ట్రాలో కూర్చుని ఆయన పార్టులు (ఒక్కో వాద్యానికి విడిగా రాసిచ్చే స్వరాల కాగితాలు) వాయించేవాడిగా నాకు అలా అనిపించదు. ఆ ఉద్యోగం లేకపోతే ఆ స్కోర్లు (అన్ని వాద్యాల స్వరాలూ కలిపి రాసిన ప్రతులు) అలా ఉండేవే కావు.

నా సంగతి రెండు ముక్కల్లో: ఒకప్పుడు చెన్నైలో సినిమా రికార్డింగులకు వయొలిన్ వాయించేవాణ్ణి. తర్వాత వేరే ఉద్యోగం మీద జర్మనీ వచ్చాను. ఇక్కడ సాయంత్రాలు ఒక అమెచ్యూర్ ఆర్కెస్ట్రాలో సెకండ్ వయొలిన్స్‌లో కూర్చుంటాను. మాలర్ మొదటి సింఫనీ, నాలుగోది వాయించాను. చరిత్రకారుణ్ణి కాను, స్టాండు మీద పార్టు పెట్టుకుని చూసేవాడి వైపు నుంచి చెప్తున్నాను.

పుట్టిన ఊరు, వినిపించిన బ్యాండు

1860 జులై 7న బొహీమియాలోని కాలిష్ట్ అనే పల్లెలో పుట్టాడు. ఇప్పుడది చెక్ రిపబ్లిక్. ఆ ఏడాదే కుటుంబం దగ్గర్లోని ఇగ్లావు పట్టణానికి మారింది. తండ్రి బెర్న్‌హార్డ్ సారా కాచి అమ్మేవాడు, తాగడానికి ఒక దుకాణం కూడా ఉండేది. జర్మన్ మాట్లాడే యూదుల ఇల్లు, చుట్టూ చెక్ జనం, ఏలేది వియన్నాలోని చక్రవర్తి. ఆ తల్లికి పద్నాలుగు మంది పిల్లలు పుడితే చాలామంది పసితనంలోనే పోయారు. తనకు బాగా దగ్గరైన తమ్ముడు ఎర్న్‌స్ట్ 1875లో చనిపోయాడు.

ఇగ్లావులో సైనికుల బ్యారక్స్ ఉండేవి. మిలిటరీ బ్యాండు, వీధి పాటలు, చావు ఊరేగింపులు అన్నీ కలిసి ఆ పిల్లవాడి చెవిలో పడ్డాయి. మొదటి సింఫనీ మూడో మూవ్‌మెంట్ (భాగం) విన్నారంటే తెలుస్తుంది. ఒక్క డబుల్ బేస్ ఒంటరిగా, యూరప్‌లో ప్రతి పిల్లవాడికీ వచ్చిన 'ఫ్రేర్ జాక్' పాటను మైనర్‌లోకి, అంటే విషాదంగా వినిపించే స్వరాల్లోకి, దించి, శవయాత్ర నడకలో మొదలుపెడుతుంది. కాసేపటికి ఉన్నట్టుండి తాళాలు, డ్రమ్ములతో చవకబారు బ్యాండొకటి దూరుతుంది. మన ఊళ్ళలో పాడె వెంట డప్పు పోతుంటే పక్క సందులోంచి పెళ్ళి బ్యాండు ఎదురొచ్చినట్టు ఉంటుంది. అక్కడ స్కోరులో ఆయన రాసిన మాట 'పేరడీతో' అని. 1889లో బుడాపెస్ట్‌లో తొలిసారి విన్నవాళ్ళకు ఏడవాలో నవ్వాలో తెలియక చిరాకు పుట్టింది. తెలుగువాడికి అది అంత వింతగా తోచదని నా నమ్మకం.

1875లో వియన్నా కన్సర్వేటరీలో చేరి 1878లో బయటికొచ్చాడు. పియానోకు యూలియస్ ఎప్‌స్టైన్, కంపోజిషన్‌కు ఫ్రాంజ్ క్రెన్ గురువులు. కంపోజర్ బ్రూక్‌నర్ లెక్చర్లకు కూడా వెళ్ళేవాడు. ఇరవై ఏళ్ళకు 'దస్ క్లాగెండె లీడ్' అనే పెద్ద కాంటాటా (గాయకులు, ఆర్కెస్ట్రా కలిసి చేసే సంగీతం) రాసి 1881లో బీథోవెన్ ప్రైజ్‌కు పంపాడు. పేరున్న కంపోజర్ బ్రామ్స్ కూడా ఉన్న జ్యూరీ దాన్ని పక్కన పెట్టింది. ఆ ప్రైజ్ వచ్చి ఉంటే థియేటర్ ఉద్యోగాల నరకంలో పడేవాణ్ణి కాదని తర్వాత వాపోయేవాడు. ఆ మాటను మరీ నమ్మనక్కర్లేదు. ఫలితం రాకముందే, 1880 వేసవిలోనే బాడ్ హాల్ అనే స్నానాల ఊళ్ళో ఆపరెట్టాలు (తేలికపాటి ఒపెరాలు) నడిపే పనిలో చేరాడు.

మెట్టు మెట్టుగా ఎక్కిన ఉద్యోగం

అక్కడి నుంచి లైబాహ్ (ఇప్పటి లుబ్లియానా), ఓల్ముట్జ్, కాసెల్, ప్రాగ్, లైప్‌జిగ్. ఒక్కో ఊళ్ళో కొన్ని నెలలు, మహా అయితే రెండేళ్ళు. చిన్న థియేటర్లు, చాలని వాద్యగాళ్ళు, పై అధికారులతో గొడవలు. అప్పట్లో కండక్టర్ తయారయ్యేది అలాగే. ఒపెరాలో గాయకుడు ఊపిరి పీల్చుకోవడం ఆలస్యమైతే ఆర్కెస్ట్రాను పట్టి ఉంచాలి, స్టేజి వెనక కోరస్ వెనకబడితే లాక్కురావాలి. ఎవరు ఎక్కడ తప్పుతారో చేతికి తెలిసిపోతుంది. ఇది గుర్తుపెట్టుకోండి, కింద మళ్ళీ పనికొస్తుంది.

కాసెల్‌లో యోహానా రిఖ్టర్ అనే గాయని మీద మనసు పడి, అది కుదరక, పాటలు రాసుకున్నాడు. ఆ పాటల బాణీలే మొదటి సింఫనీలోకి వచ్చాయి. లైప్‌జిగ్‌లో ఆర్థర్ నికిష్ అంతటివాడి పక్కన రెండో కండక్టర్. నికిష్ జబ్బు పడినప్పుడు కంపోజర్ వాగ్నర్ నాలుగు ఒపెరాల వరస 'రింగ్' నడిపే అవకాశం ఈయనకు దక్కింది. వెబర్ అనే కంపోజర్ అసంపూర్తిగా వదిలేసిన 'డీ డ్రై పింటోస్' ఒపెరాను పూర్తిచేసి 1888లో వేదికెక్కించాడు. పేరూ డబ్బూ రెండూ వచ్చాయి.

1888లో, ఇంకా ముప్ఫై నిండకుండానే, బుడాపెస్ట్ రాయల్ ఒపెరాకు డైరెక్టర్. వాగ్నర్‌ను హంగేరియన్ భాషలో పాడించాడు. 1890లో అక్కడ ఈయన నడిపిన 'డాన్ జొవాన్ని'ని బ్రామ్స్ విని మెచ్చుకున్నాడు. తొమ్మిదేళ్ళ కిందట ప్రైజ్ ఇవ్వని బ్రామ్సే. ఆ మెప్పు వియన్నా చెవిన పడి తర్వాత పనికొచ్చింది. కంపోజర్‌గా తట్టిన తలుపు కండక్టర్‌గా తెరుచుకోవడం ఈయన కథలో మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది.

1891 నుంచి 1897 దాకా హాంబర్గ్. 1892 జనవరిలో చైకోవ్‌స్కీ తన 'యెవ్‌గేనీ ఒనేగిన్'ను తానే నడపాలని వచ్చి, మాలర్ రిహార్సల్ చూసి, మీరే నడపండని వదిలేశాడు. అదే ఊళ్ళో హాన్స్ ఫాన్ బ్యూలో అనే పెద్ద కండక్టర్ ఉండేవాడు. మాలర్ కండక్టింగ్ అంటే ఆయనకు ప్రాణం. కాని రెండో సింఫనీ మొదటి భాగాన్ని మాలర్ పియానో మీద వినిపిస్తే, దీని ముందు వాగ్నర్ ఒపెరా 'ట్రిస్టాన్' కూడా పాతకాలపు హైడెన్ సింఫనీలా ఉందన్నాడు. పొగడ్త కాదది. 1894లో అదే బ్యూలో చనిపోతే, అంత్యక్రియల్లో క్లోప్‌స్టాక్ అనే కవి రాసిన 'పునరుత్థానం' గీతం విని, ఎన్నాళ్ళుగానో కొలిక్కి రాని ఆ సింఫనీకి ముగింపు దొరికింది మాలర్‌కి. 1895 డిసెంబర్ 13న బెర్లిన్‌లో తొలి ప్రదర్శన. ఖర్చులో చాలా భాగం హాంబర్గ్‌కు చెందిన ఇద్దరు అభిమానులు భరించారు. టికెట్లు అమ్ముడుపోక సంగీత విద్యార్థులకు ఉచితంగా పంచారు. అయినా విన్నవాళ్ళు ఉప్పొంగిపోయారు.

రెండు నెలల గుడిసె

ఇప్పుడు 'రెండూ ఎలా చేశాడు' అన్న మీ ప్రశ్నకు వస్తాను. ఒపెరా సీజన్ ఎండాకాలం మూతపడేది. ఆ సెలవుల కోసం మాలర్ ఒక పద్ధతి కట్టుకున్నాడు. సరస్సు ఒడ్డునో అడవిలోనో ఒక చిన్న గది కట్టించుకునేవాడు. లోపల పియానో, బల్ల, కుర్చీ, అంతే. మొదటిది ఆటర్‌జే సరస్సు పక్కన స్టైన్‌బాహ్‌లో, 1894 నుంచి. రెండోది వొర్తర్‌జే ఒడ్డున మైయెర్నిగ్‌లో, 1900 నుంచి. మూడోది టోబ్లాహ్ దగ్గర, 1908 నుంచి. మూడూ ఇప్పటికీ ఉన్నాయి.

మైయెర్నిగ్ దినచర్య భార్య ఆల్మా రాసిపెట్టింది. పొద్దున్నే ఆరింటికి లేచి గుడిసెకు వెళ్ళేవాడు. వంటమనిషి టిఫిన్ తీసుకుని వేరే నిటారు దారిలో ముందే వెళ్ళి పెట్టి రావాలి, ఆ వేళప్పుడు ఆయనకు ఎవరి మొహమూ కనపడకూడదు. మధ్యాహ్నం దాకా రాత, తర్వాత సరస్సులో ఈత, భోజనం, నడక. స్టైన్‌బాహ్‌లో అయితే పక్షుల కూతలూ ఆవుల గంటలూ పనికి అడ్డొస్తున్నాయని ఇంట్లోవాళ్ళు వాటిని తరిమే పనిలో ఉండేవాళ్ళు. అవే పక్షులూ అవే గంటలూ సింఫనీల్లోకి ఎక్కడం వేరే సంగతి.

అన్ని వేసవులూ సాఫీగా నడవలేదు. 1905లో ఏడో సింఫనీ మిగతా భాగాలు ఎంతకీ రాక కొండల్లోకి పోయి, అక్కడా రాక, వేసవి వృథా అయిందనుకుని తిరిగొచ్చాడు. ఇంటికి చేరడానికి పడవెక్కితే, తెడ్డు వేసిన మొదటి దెబ్బకే మొదటి మూవ్‌మెంట్ ఆరంభం తట్టింది. నాలుగు వారాల్లో మిగిలినదంతా రాసేశాడు. భార్యకు రాసిన ఉత్తరంలో తనే చెప్పుకున్నాడు.

సెలవుల్లో రాసేది కుదించిన చిత్తుప్రతి. దాన్ని ఏ వాద్యం ఏం వాయించాలో విడగొట్టి పూర్తి స్కోరుగా మార్చే పని చలికాలంలో, ఒపెరాకు వెళ్ళబోయే ముందు పొద్దున్న పూట. కాపీయింగ్, పార్టులు రాయించడం, రిహార్సల్‌లో విని దిద్దడం అంతా సీజన్‌లోనే. అంటే పదినెలల్లో కంపోజర్ నిద్రపోయాడనుకోకండి.

స్కోరులో కనపడే కండక్టర్

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది, కాస్త ఓపిగ్గా చదవండి.

మొదటి సింఫనీ తెరుచుకోవడమే స్ట్రింగ్స్ (వయొలిన్ లాంటి తీగ వాద్యాలు) అంతా పట్టి ఉంచే ఒకే ఒక్క 'ఎ' స్వరంతో. ఏడు స్థాయిల్లో పరుచుకుని ఉంటుంది. దాదాపు అందరం హార్మోనిక్స్ వాయించాలి, అంటే తీగను నొక్కకుండా వేలు తాకించి ఈలలాంటి నాదం తీయాలి. చాలా చిన్నగా, ఎక్కడా తెగకుండా. వాయించేది ఒక్క స్వరమే కాని, నేను వాయించిన వాటిలో అంత టెన్షన్ పెట్టే పేజీ ఇంకోటి లేదు. బో (వయొలిన్ కమాను) కాస్త వణికినా వినిపించేస్తుంది. పక్క డెస్కువాళ్ళతో ఒకేసారి బో తిప్పకూడదు, ఎవరికి వాళ్ళు దొంగతనంగా తిప్పుకోవాలి.

బుడాపెస్ట్ తొలి ప్రదర్శనలో ఆ హార్మోనిక్స్ లేవు. మామూలు స్వరంతో వాయించారు. అనుకున్న ఆ గాలి మెరుపు రాలేదు, శబ్దం మరీ బరువుగా పడింది అనిపించి, తర్వాత అందరికీ హార్మోనిక్స్ పెట్టాడు. స్నేహితురాలు నటాలీ బావర్-లెహ్‌నర్‌కు ఈ సంగతి ఆయనే చెప్పాడు. కాగితం మీద రాసినవాడు ఒకడు, హాల్లో నిలబడి విన్నవాడు ఇంకొకడు. రెండోవాడే మొదటివాడి పేజీని దిద్దాడు. ఐదు మూవ్‌మెంట్ల ఆ సింఫనీలోంచి ఒకటి తీసేసి, 1896కు నాలుగు చేసిందీ వాడే.

ఇక పార్టుల నిండా జర్మన్‌లో సూచనలు. 'తొందరపడవద్దు', 'ఈడ్చవద్దు'. ఇవి ఎక్కడుంటాయంటే, సరిగ్గా మనం తొందరపడే చోట, సరిగ్గా ఈడ్చే చోట. చిత్రంగా ఉంటుంది. వాల్యూమ్ పెరుగుతుంటే స్పీడ్ కూడా పెంచేయడం వాద్యగాళ్ళందరికీ ఉన్న జబ్బు. రిహార్సల్‌లో కండక్టర్ బ్యాటన్ ఆపి 'తొందరపడుతున్నారు' అనేలోపే, పార్టులో వందేళ్ళ కిందటే ఆ మాట రాసి ఉంటుంది. పనిచేసిన ప్రతి ఊళ్ళో అదే తప్పు చూసి చూసి విసిగినవాడి రాత అది. చెన్నైలో మాకిచ్చే షీట్లలో స్వరాలు, బార్లు (తాళం లెక్కకు గీసే గళ్ళు) తప్ప మాటలు పెద్దగా ఉండేవి కావు, అరేంజర్ పక్కనే ఉంటాడు కాబట్టి నోటితో చెప్పేవాడు. మాలర్ తను లేని రిహార్సళ్ళకు కూడా తానే వచ్చి నిలబడ్డట్టు రాశాడు.

క్లారినెట్, ఓబో వాళ్ళకు వాద్యం మూతి పైకెత్తి వాయించమని ఉంటుంది. మొదటి సింఫనీ చివర హార్న్ (చుట్ట తిరిగిన ఇత్తడి బాకా) వాయించేవాళ్ళంతా లేచి నిలబడాలని, ట్రంపెట్లను కూడా ముంచేసేలా వినిపించాలని ఉంటుంది. మా ఆర్కెస్ట్రాలో వాళ్ళు లేచిన క్షణం మా సెకండ్ వయొలిన్ల కమానులు గాల్లో కదులుతున్నట్టే, ఏం వాయిస్తున్నామో మాకే వినపడదు. రెండో సింఫనీలో మొదటి భాగం తర్వాత కనీసం ఐదు నిమిషాలు ఆగమని రాశాడు. ఇప్పటి కండక్టర్లలో చాలామంది అంతసేపు ఆగరు. ఆరో సింఫనీకి సుత్తి దెబ్బ కావాలి, అది లోహపు మోత కాకూడదు, గొడ్డలి వేటులా మొద్దుగా పడాలి. అలాంటి వాద్యం దుకాణంలో దొరకదు, అందుకే ఒక్కో ఆర్కెస్ట్రా తనకు తోచినట్టు చెక్కపెట్టె, పెద్ద సుత్తి చేయించుకుంటుంది. మొదట మూడు దెబ్బలు రాసి, తర్వాత మూడోది కొట్టేశాడు.

నాలుగో సింఫనీ రెండో మూవ్‌మెంట్‌లో ఇంకో తమాషా. సోలో వయొలిన్ నాలుగు తీగలూ ఒక స్వరం పైకి శ్రుతి చేసి ఉండాలి, మృత్యువు వీధి ఫిడేలు వాయిస్తున్నట్టు కీచుగా వినపడాలని. మా లీడర్‌కు (ఫస్ట్ వయొలిన్లలో అందరికంటే ముందు కూర్చునే ఆమెకు) రెండు వయొలిన్లు కావాల్సి వచ్చాయి. ఒకటి ఒళ్ళో, ఒకటి పక్కన చిన్న స్టాండు మీద. పైకి లాగిన తీగ శ్రుతి నిలవదు కాబట్టి ఆ రెండోదాన్ని కొన్ని రోజుల ముందు నుంచే అలా బిగించి అలవాటు చేసింది. రెండు వయొలిన్లు మార్చుకోవడానికి ఎన్ని బార్లు ఖాళీ కావాలో రాసినవాడికి లెక్క తెలుసు, అక్కడ సరిపడా రెస్టులు (వాయించకుండా ఆగే చోట్లు) ఉన్నాయి.

ఐదో సింఫనీని 1904లో కొలోన్‌లో తొలిసారి నడిపాక కూడా దిద్దుతూనే పోయాడు. చనిపోవడానికి మూడు నెలల ముందు, 1911 ఫిబ్రవరిలో ఒక ఉత్తరంలో ఐదోది ఇప్పటికి పూర్తయింది, ఆర్కెస్ట్రేషన్ మొత్తం మళ్ళీ చేయాల్సి వచ్చింది అని రాశాడు.

వియన్నా, న్యూయార్క్

వియన్నా కోర్ట్ ఒపెరా ఆ కాలంలో సంగీత ప్రపంచంలో అన్నిటికంటే పెద్ద కుర్చీ. యూదుడికి అది దక్కే మాట లేదు. 1897 ఫిబ్రవరిలో హాంబర్గ్‌లో క్యాథలిక్ మతం తీసుకున్నాడు. మే 11న వాగ్నర్ ఒపెరా 'లోహెంగ్రిన్'తో వియన్నాలో మొదలై, అక్టోబర్‌కల్లా డైరెక్టర్. పదేళ్ళు ఉన్నాడు. మతం మారినా యూదు ద్వేషులైన పత్రికలు వదల్లేదు.

చేసిన మార్పులు మనకిప్పుడు మామూలుగా కనిపిస్తాయి. ఆలస్యంగా వచ్చినవాళ్ళను మధ్యలో లోపలికి రానివ్వలేదు. డబ్బు తీసుకుని చప్పట్లు కొట్టే ముఠాలను ఆపించాడు. కత్తిరించి ఆడే వాగ్నర్‌ను పూర్తిగా ఆడించాడు. 1903లో ఆల్ఫ్రెడ్ రోలర్ అనే చిత్రకారుణ్ణి తెచ్చి 'ట్రిస్టాన్' స్టేజిని వెలుతురుతో, రంగులతో కొత్తగా వేయించాడు. బీథోవెన్ తొమ్మిదో సింఫనీలో వాద్యాలు పెంచి దిద్దినందుకు విమర్శలు వస్తే, ఎందుకు దిద్దానో కరపత్రం అచ్చు వేయించి ప్రేక్షకులకు పంచాడు. వాద్యగాళ్ళ వైపు నుంచి చూస్తే కష్టమైన మనిషే. రిహార్సల్‌లో ఒక్కొక్కణ్ణీ వేరుగా వాయించమనడం ఎవరికి నచ్చుతుంది చెప్పండి. వియన్నా ఫిల్‌హార్మోనిక్ కచేరీలు మూడు సీజన్లు నడిపి 1901లో వదిలేశాడు.

1902 మార్చి 9న ఆల్మా షిండ్లర్‌తో పెళ్ళి. ఆమె కూడా కంపోజరే, జెమ్లిన్‌స్కీ శిష్యురాలు. పెళ్ళికి ముందు రాసిన పొడుగాటి ఉత్తరంలో, ఇంట్లో కంపోజర్ ఒక్కడే ఉండాలి, నువ్వు రాయడం మానెయ్యి అని షరతు పెట్టాడు. కాలం అలాంటిదని సర్దిచెప్పేవాళ్ళు ఉన్నారు, నాకు అది అన్యాయంగానే కనిపిస్తుంది. 1910లో కాపురం బీటలు వారాక ఆమె పాటలు తీసి చూసి, ఐదింటిని అచ్చు వేయించాడు.

1907లో మూడు దెబ్బలు. పత్రికల దాడి, పై వాళ్ళతో పేచీల మధ్య వియన్నా ఉద్యోగం వదిలాడు. జులైలో పెద్ద కూతురు మరియా నాలుగేళ్ళ వయసులో జబ్బు చేసి చనిపోయింది. కొన్ని రోజులకే ఆయన గుండె వాల్వులో లోపం ఉందని డాక్టర్ చెప్పాడు. డిసెంబర్‌లో వియన్నా ఒపెరావాళ్ళకు వీడ్కోలు ఉత్తరం రాసి నోటీసు బోర్డుకు పెడితే, ఎవరో చింపి ముక్కలు చేశారు.

1908 జనవరి 1న న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరాలో 'ట్రిస్టాన్'. 1909 నుంచి న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్. 1910 జనవరిలో కార్నెగీ హాల్లో రహ్‌మానినోవ్ తన మూడో పియానో కాన్‌చెర్టో వాయిస్తే ఆర్కెస్ట్రాను నడిపింది మాలరే. 1911 ఫిబ్రవరి 21న జ్వరంతోనే చివరి కచేరీ చేశాడు. గుండెకు బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్, అప్పటికి యాంటీబయాటిక్స్ లేవు. మే 18న వియన్నాలో చనిపోయాడు, యాభై ఏళ్ళకే.

'ఎవరూ పట్టించుకోలేదు' అన్న మాట

సగమే నిజం. మూడో సింఫనీ 1902లో క్రేఫెల్డ్‌లో బాగా గెలిచింది. ఎనిమిదోది 1910 సెప్టెంబర్ 12న మ్యూనిక్‌లో, వెయ్యిమందికి పైగా గాయకులు, వాద్యగాళ్ళతో జరిగితే జనం ఊగిపోయారు. 'వెయ్యిమంది సింఫనీ' అనే పేరు ప్రమోటర్ ఎమిల్ గుట్‌మన్ పబ్లిసిటీ కోసం పెట్టింది, మాలర్ పెట్టింది కాదు. చనిపోయాక శిష్యుడు బ్రూనో వాల్టర్, ఆమ్‌స్టర్‌డామ్‌లో మెంగెల్‌బర్గ్ ఆయన సంగీతాన్ని నిలబెట్టారు. అసలు దెబ్బ నాజీలు. యూదుడి సంగీతమని నిషేధించారు.

1938 జనవరి 16న వాల్టర్ వియన్నా ఫిల్‌హార్మోనిక్‌తో తొమ్మిదో సింఫనీ చేసిన లైవ్ రికార్డింగ్ ఉంది. రెండు నెలలు తిరక్కుండానే హిట్లర్ ఆస్ట్రియాను కలిపేసుకున్నాడు. ఆర్కెస్ట్రా లీడర్ ఆర్నాల్డ్ రోజె మాలర్‌కు బావగారు, చెల్లెలి భర్త. ముసలితనంలో లండన్‌కు పారిపోవాల్సి వచ్చింది. ఆయన కూతురు ఆల్మా రోజె, అంటే మాలర్ మేనకోడలు, ఔష్‌విట్జ్ క్యాంపులో ఖైదీ స్త్రీల ఆర్కెస్ట్రాను నడిపి 1944లో అక్కడే చనిపోయింది. 1960లో, మాలర్ శతజయంతి నాటి నుంచి లెనార్డ్ బెర్న్‌స్టైన్ వంటివాళ్ళ చొరవతో ఈ సంగీతం మళ్ళీ ప్రపంచమంతా పాకింది.

ఇంకో జాగ్రత్త. ఆయన కష్టాల కథ చదివి ప్రతి సింఫనీలోనూ ఆ కష్టాలే వెతక్కండి. చచ్చిపోయిన పిల్లల మీద రూకెర్ట్ కవితలకు పాటలు కట్టడం 1904కే ముగించాడు, కూతురు పోయింది 1907లో. అన్నిటికంటే చీకటిగా ఉండే ఆరో సింఫనీ రాసిన వేసవులు ఇంట్లో పసిపిల్లలతో హాయిగా గడిచినవి. ఆల్మా జ్ఞాపకాల్లో చాలా చోట్ల తేదీలు, సంగతులు అటూఇటూ అయ్యాయని కూడా తెలుసుకుని చదవండి.

దేనితో మొదలుపెట్టాలి

మొదటి సింఫనీతో. గంటలోపే అయిపోతుంది, బాణీలు చెవికి పట్టుకుంటాయి. తర్వాత నాలుగోది, చివర్లో ఒక సొప్రానో (పై స్థాయిలో పాడే గాయని) పాడే పాట ఉంటుంది, స్వర్గంలో ఏమేం తింటారో పిల్లవాడు చెప్తున్నట్టు. మూడోసారి ఐదోది వినండి. అందరూ అందులోని అడాజియెట్టో ఒక్కటే షేర్ చేస్తుంటారు, అది స్ట్రింగ్స్, హార్ప్ తప్ప ఏమీ లేని ఒక్క మూవ్‌మెంట్. దాన్ని మాత్రమే విని మాలర్ మెత్తటివాడనుకుంటే పొరపాటు. ఎనిమిదోదాన్ని ఫోన్‌లో వినకండి, గోల తప్ప ఏమీ తెలియదు. రెండోదానికి జుబిన్ మెహతా 1975లో వియన్నా ఫిల్‌హార్మోనిక్‌తో చేసిన రికార్డింగ్ నాకు ఇష్టం. బొంబాయిలో పుట్టి వియన్నాలో చదువుకున్న మనిషి అని కాదు, ఆ ఫినాలే నిజంగా బాగుంటుంది. మాలర్ సొంత కండక్టింగ్ రికార్డులు మాత్రం లేవు. 1905లో పియానో రోల్స్ (వాయింపును రంధ్రాలుగా పట్టి ఉంచే కాగితపు చుట్టలు) మీద నాలుగు ముక్కలు వాయించాడు, అంతే మిగిలింది.

బస్సులో, వాకింగ్‌లో వినొద్దు. చిన్నవి మరీ చిన్నగా, పెద్దవి మరీ పెద్దగా ఉంటాయి, వాల్యూమ్ బటన్ మీదే మీ ధ్యాసంతా పోతుంది. కర్ణాటక సంగీతం అలవాటున్నవాళ్ళకు మొదట్లో రాగం ఎక్కడా నిలవడం లేదే అనిపిస్తుంది. ఫర్వాలేదు. ఏ బాణీ ఎక్కడ తిరిగి వచ్చిందో, ఈసారి ఏ వాద్యం ఎత్తుకుందో మాత్రం పట్టుకుంటూ పోండి.

నొటేషన్ అక్కర్లేదు. కావాలంటే స్కోర్లన్నీ కాపీరైట్ దాటినవే, ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. స్వరాలు చదవలేకపోయినా ఎవరు ఎప్పుడు ఆగారో కళ్ళకు కనిపిస్తుంది. వీలైతే ఒక్కసారి ఎదురుగా వినండి. ముంబయిలో సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా ఏటా సీజన్లు నడుపుతుంది, ప్రోగ్రాంలో మాలర్ ఉందేమో చూసుకుని వెళ్ళండి. టికెట్ తీసేటప్పుడు మరీ ముందు వరస వద్దు. అక్కడ మాలాంటి వయొలిన్‌వాళ్ళ మోచేతులు తప్ప, వెనక హార్న్‌లూ పెర్కషన్‌వాళ్ళూ ఏం చేస్తున్నారో కనపడదు.